కాదన్నవారు నేరస్థులగుదురా?



కర్నూలు, కడప సీమలలో రచ్చబండపై కూర్చుండి నలుగురికిని న్యాయము చెప్పు పెద్దలనుద్దేశించి నేడు ప్రసంగించుచున్నాను. విషయము కొంత బిడియము కలిగించునదే. అయినను పెద్దలు దీనిని గూర్చి మాటాడకున్నచో, తెలియనివారు మాటాడుదురు.

ఒక పడుచువాడు ఒక కన్యను వలచును. ఆమె యిష్టపడదు. లేదా ఒక కన్య ఒకనిని నమ్మియుండగా అతడు పెండ్లికి నిరాకరించును. నిరాకరింపబడినవారు దుఃఖావేశమున తమ ప్రాణమునకే కీడు చేసికొందురు. మరునాడు ఊరిలో పుట్టు మాట మీరెరుగనిది కాదు: “ఆ పిల్ల ఒప్పుకోనింటే వాడు బతికిండేవాడు.” ఈ యొక్క వాక్యముతో విచారణ ముగియును, తీర్పును వెలువడును. పిల్ల తండ్రికి దండుగ వేయుదురు. పిల్లను చదువు మాన్పింతురు. కొన్నియెడల మృతుని బంధువులు కఱ్ఱలు చేతబట్టి ఆ యింటిమీదికి వత్తురు. మన సీమలో పగ పుట్టినచో నది యెన్నాళ్లుండునో నేను చెప్ప బనిలేదు.

ఆ వాక్యము సత్యమే కావచ్చును. ఆమె యొప్పుకొన్నచో నతడు జీవించియుండెడివాడేమో. కాని ఒక సంగతికి ముందుండుట వేరు, దానికి కర్త యగుట వేరు. ఘటము పుట్టుటకు మట్టి కావలెను, కులాలుడు కావలెను. ఆ మట్టిని మోసికొనివచ్చిన గాడిదయు నక్కడనే నిలిచియుండును. గాడిదను మన తార్కికులు కారణముగా లెక్కింపరు, అన్యథాసిద్ధమని తొలగింతురు. పోలిక మోటుగా నున్నను, న్యాయస్థానములు చూచు భేదము ఈ జాతిదే.

ఇక శాసనమేమనుచున్నది? 1860వ సంవత్సరపు శిక్షాస్మృతిలో 306వ సెక్షను, ఒకరి ఆత్మహత్యకు ప్రేరేపించినవారికి పదియేండ్లవరకు కారాగారమును జరిమానాయు విధించుచుండెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో నిదియే 108వ సెక్షనుగా నున్నది. ప్రేరణ యనగా నేమో 45వ సెక్షను చెప్పుచున్నది: పురికొల్పుట, కుట్రలో చేరుట, బుద్ధిపూర్వకముగా తోడ్పడుట. ఈ మూటిలో “పెండ్లికి కాదనుట” యెక్కడను లేదు. కోపములో నోరుజారిన మాట సైతము, ఫలితమును కోరి పలికినది కానిచో, పురికొల్పుట కాదని సుప్రీంకోర్టు 2001లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు వ్యాజ్యమునందు తేల్చిచెప్పినది.

పొరుగు కన్నడదేశపు బెళగావి ప్రాంతములో 2007లో జరిగిన యొక సంగతి మన ప్రశ్నకు మిక్కిలి దగ్గరది. ఇరువది యొక్క యేండ్ల యువతి యొకతె ఎనిమిదేండ్లుగా ఒకనిని ప్రేమించినది. అతడు తుదకు పెండ్లికి నిరాకరించెను. ఆమె మరణించినది. తల్లి ఫిర్యాదు చేసినది. క్రింది కోర్టు ఆ యువకుని విడిచిపెట్టగా హైకోర్టు శిక్షించినది. 2024 నవంబరు 29వ తేదీన సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసినది. ప్రేమలు భగ్నమగుట నిత్యజీవితములో నున్నదే. అతడు పురికొల్పినట్లు గాని, ఆమె మరణమును కోరినట్లు గాని సాక్ష్యము లేదు. అని ధర్మాసనము భావము. ఆ తల్లి దుఃఖము చిన్నది కాదు. కాని దుఃఖము సాక్ష్యము కాజాలదు. ఇక్కడ కాదన్నవాడు పురుషుడు. కాదన్నది స్త్రీ యైనను శాసన మదియే. మన రచ్చబండపై మాత్రము పురుషుడు కాదన్న “వాని యిష్ట” మందుము, స్త్రీ కాదన్న “పొగరు” అందుము.

అట్లని ప్రతివారును తప్పించుకొందురని తలపవలదు. “చచ్చిపో, పీడ విరగడగును” అని పదేపదే హింసించి తఱిమినవాడు వేరు. కలసి చత్తమని పూనుకొన్నవాడును వేరు: 2002లో హైదరాబాదున సినీనటి ప్రత్యూష మరణించిన వ్యవహారములో, ఆమెతోపాటు పూనుకొని బ్రతికి బయటపడిన యువకుని ప్రేరణ నేరము క్రింద 2004లో కోర్టు శిక్షించినది, 2011లో హైకోర్టు నేరమును నిలిపి, శిక్షాకాలమును తగ్గించినది. పెండ్లాడు తలంపు లేకయే పెండ్లాడెదనని మోసగించి స్త్రీని లోబరచుకొనుట 69వ సెక్షను క్రింద ప్రత్యేక నేరము. ఇవి యన్నియు చేసిన పనులకు వచ్చు శిక్షలు గాని, మనసు లేదన్నందుకు వచ్చునవి కావు.

మన భారతములో నీ భేదము లేకపోలేదు. కచుని దేవయాని వలచినది. గురుపుత్రిక తనకు సోదరితో సమానురాలని అతడు నిరాకరించెను. ఆమె కోపించి శపించినది. కాని బ్రతికినది, తరువాత యయాతిని పెండ్లాడినది. కచుడు తప్పుచేసెనని పురాణము విన్న పెద్ద యొక్కడును అనగా నేను వినలేదు. అంబ కథ వేరు. ఆమె మనస్సు సాళ్వునిపై నుండగా భీష్ముడు స్వయంవరమునుండి ఆమెను బలిమి గొనిపోయెను. పిదప విడిచిపుచ్చినను సాళ్వుడు స్వీకరింపలేదు. భీష్ముడు తన వ్రతమును విడువలేదు. ఆమె కడపటి గతి మీకు తెలిసినదే. అక్కడ భీష్ముని దోషము పెండ్లాడననుటలో లేదు. ఆమె యిష్టమరయక రథమెక్కించుటలో నున్నదని నా యభిప్రాయము.

మరణమునకు ముందు వచ్చు బెదరింపును గూర్చి యిప్పుడు చెప్పవలెను. రచ్చబండకు వచ్చునది చాలమాఱు లదియే. “ఆ పిల్లను నాకీయకున్న ప్రాణము తీసికొందును” అని కుఱ్ఱవాడనును, తల్లి యేడ్చును, పెద్దలకు జాలి పుట్టును, పిల్ల తండ్రికి కబురు పోవును. ఇట్టి బెదరింపునకు విలువ యెంతయో వందయేండ్లకు మునుపే మదరాసు హైకోర్టు తెలుగువారి యొక కుటుంబ వ్యాజ్యములో విచారించినది. చిక్కం అమ్మిరాజు, చిక్కం శేషమ్మ అను పేర్లతో 1917లో తీర్పైన యా వ్యాజ్యమును నేటికిని న్యాయశాస్త్ర విద్యార్థులు చదువుచున్నారు. ఒక గృహస్థు, తన సోదరునికి కొంత యాస్తిపై హక్కు విడుదల పత్రము వ్రాసి యీయకున్నచో ప్రాణము తీసికొందునని భార్యను, కుమారుని బెదరించెను. వారు భయపడి వ్రాసి యిచ్చిరి. ఆ పత్రము చెల్లునా? ప్రధాన న్యాయమూర్తి వాలిస్, న్యాయమూర్తి శేషగిరి అయ్యరు ఇద్దరును అది బలాత్కారమే యనియు, అట్టి పత్రమునకు వారిని కట్టివేయరాదనియు తీర్మానించిరి. న్యాయమూర్తి ఓల్డ్‌ఫీల్డు మాత్రము భిన్నాభిప్రాయము వ్రాసెను: చట్టపు మాటలను అంతగా సాగదీయరాదని ఆయన వాదము. ఆనాటి చర్చకు మూలమైన 309వ సెక్షను, అనగా ఆత్మహత్యకు యత్నించినవారిని శిక్షించునది, క్రొత్త సంహితలో లేదు. తీర్పులోని లోకజ్ఞానము మాత్రము ఆ సెక్షనుతోపాటు పోలేదు. గజము నేలకు వ్రాసిన కాగితమే యట్టి బెదరింపుతో నిలువనప్పుడు, ఒక కన్య జీవితమును దానిపై వ్రాయించుట యెట్లు? బలాత్కారముచే గాని మోసముచే గాని సమ్మతి గొన్న వివాహమును కోర్టు రద్దుచేయవచ్చునని 1955వ సంవత్సరపు హిందూ వివాహచట్టము చెప్పుచున్నది.

కావున అట్టి కుఱ్ఱవాడు వచ్చినపుడు పిల్ల తండ్రికి కబురంపకుడు. అతని మాటను ఎగతాళియు చేయకుడు. “అనువాడు చేయడు” అను లోకవాదము అపాయకరమైనది. అతనిని ఒంటరిగా విడువక, ఇంటివారిలో నతడు మన్నించు మేనమామనో అన్ననో ప్రక్కనుంచి, వైద్యునియొద్దకు గొనిపొండు. కర్నూలు పెద్దాసుపత్రిలోను, కడప ప్రభుత్వాసుపత్రిలోను వైద్యులున్నారు. అతడు మానక పిల్ల వెంటబడుచున్నచో, అది 78వ సెక్షను క్రింద నేరమని తండ్రికి స్పష్టముగా చెప్పుడు.

యత్నించి బ్రతికినవారిని పోలీసు కేసునకు వెఱచి ఇంటనే దాచుట మన పల్లెలలో నున్నది. ఆ గడియలలోనే ప్రాణము పోవును. ఈ వెఱపునకు కారణము లేదు. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 115వ సెక్షను, అట్టివారు తీవ్రమైన మనఃక్లేశములో నున్నట్లు భావించి వారిని శిక్షింపరాదనుచున్నది. చికిత్స చేయించు భారమును ప్రభుత్వముపై నుంచినది.

రాత్రివేళ వైద్యుడు దొరకనిచో, టెలిమానస్ అను ప్రభుత్వ సహాయకేంద్రమునకు 14416 సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. ఖర్చు లేదు, రేయింబవళ్లు పలుకుదురు, తెనుగున మాటాడవచ్చును. ఆ అయిదంకెలను రచ్చబండ కెదురుగానున్న గోడమీద, దూరమునకు కనబడునంత పెద్దవిగా, బడిపిల్లలచేత వ్రాయింపుడు.