ఇప్ప మొక్కకు ఎంత ఎరువు?



ఇక్కడికి దగ్గర్లోనే, జూబ్లీహిల్స్ అంచున కేబీఆర్ పార్కు ఉంది. సుమారు 390 ఎకరాలు. అందులో బండరాళ్ల మధ్య ఎర్రమట్టిలో పెరిగే అడవి చెట్లకు ఎవరూ ఎరువు వేయరు. రాలిన ఆకు కుళ్లి మళ్లీ వేరుకే చేరుతుంది. నర్సరీ మొక్కకు ఆ వీలు లేదు. సంచిలో ఉండేది గుప్పెడు మట్టి. రోజూ పోసే నీటికి అందులోని బలం కొట్టుకుపోతుంది. అందుకే ఎరువు కావాలి. అయితే ఎంత?

నత్రజని ఆకును, కాండాన్ని పెంచుతుంది. భాస్వరం వేరుకు బలం. పొటాష్ నీటి ఎద్దడిని తట్టుకునేలా చేస్తుంది. యూరియాలో 46 శాతం నత్రజనే. అది ఎక్కువైతే మొక్క పచ్చగా, పొడుగ్గా ఎదుగుతుంది కానీ వేరు ఆ మేరకు పెరగదు. పంచే రోజున అందరూ ఆ మొక్కనే ఏరుకుంటారు. ఎండాకాలం వచ్చేసరికి అన్ని ఆకులకు నీరు అందించలేక అదే ముందు ఎండిపోతుంది.

కానుగ, మోదుగ వేర్లకు బుడిపెలుంటాయి. వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి. యూరియా ఎక్కువ వేస్తే ఆ బుడిపెలు తగ్గిపోతాయి. ఇప్ప గింజలో మొదటి వారాలకు సరిపడా తిండి ఉంటుంది. దాన్ని రాలిన కొద్ది రోజుల్లోనే నాటాలి, ఆలస్యమైతే మొలవదు.

2015లో హరితహారం మొదలయ్యాక ఊరూరా నర్సరీలు వచ్చాయి. మీలో ఎవరైనా అక్కడ పనిచేస్తుంటే ఇలా చేయండి. మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. కింది ఆకులు పాలిపోతేనే లీటరు నీటికి 2 గ్రాముల యూరియా కలిపి సాయంత్రం పోయండి. తర్వాత ఆకుల మీద మంచినీళ్లు చల్లండి. నాటడానికి నెల ముందు యూరియా ఆపి, నీళ్లు తగ్గించి, మెల్లగా ఎండకు అలవాటు చేయండి.

నా మాట మీద నమ్మకండి. మూడు వరుసల్లో పదేసి మొక్కలు పెట్టండి. ఒక వరుసకు పశువుల ఎరువే, రెండోదానికి దాంతోపాటు చెప్పిన మోతాదు యూరియా, మూడోదానికి రెట్టింపు. చివర్లో వరుసకు ఒక మొక్క తీసి వేర్లు కడిగి పక్కపక్కన పెట్టి చూడండి. మిగిలినవి నాటి, వచ్చే ఎండాకాలం తర్వాత లెక్కపెట్టండి.

ఇదంతా ఎందుకంటే, నాటిన ఇప్ప మొక్కలు చచ్చిపోతే "అడవి చెట్టు ఇక్కడ బతకదు" అనేస్తారు. మరుసటి ఏడు గింజలు కూడా ఏరరు. తప్పు చెట్టుది కాదని చూపించడానికి మీ దగ్గర ఆ లెక్క ఉండాలి.