రాత్రి గడిపే పడవ: కొనేముందు వెయ్యవలసిన లెక్కలు

(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద పింఛను గురించీ, మధుమేహం గురించీ, వీలునామాల గురించీ ఎన్నో మంచి ప్రసంగాలు విన్నాం. ఇవాళ నేను పడవల గురించి మాట్లాడబోతున్నానంటే కొందరు నవ్వుకోవచ్చు. కానీ మనలో ఎంతోమంది పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు. మా అబ్బాయి ఉండే సియాటిల్ చుట్టుపక్కల, రెడ్‌మండ్, బెల్‌వ్యూ ఊళ్ళలో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇల్లు కొన్నారు, కార్లు కొన్నారు. ఇప్పుడు కొందరి చూపు పడవ మీద పడింది. “నాన్నగారూ, ఈసారి మీరొచ్చినప్పుడు అందరం రాత్రి పడవలోనే పడుకుందాం” అని ఫోను వస్తుంది. అప్పుడు మనం ఏమనాలి? వద్దని భయపెట్టడం ఒక పద్ధతి. సరేనని ఊరుకోవడం ఇంకొకటి. నాలుగు సరైన ప్రశ్నలు అడగడం మూడో పద్ధతి. దాని గురించే నా మనవి.

ముందు ఆ పడవ ఎట్లాంటిదో చెబుతాను. ఇది మన రేవుల్లో కనిపించే నాటుపడవ కాదు, పాపికొండలకు వెళ్ళే లాంచీ కాదు. ఇరవై, ఇరవైనాలుగు అడుగుల పొడవుంటుంది. ముందు భాగంలో చిన్న గది, వెనక చేపలు పట్టుకోవడానికి ఖాళీ జాగా, చివర బిగించిన మోటారు. దీన్ని నీళ్ళలో వదిలెయ్యరు. చక్రాల ట్రైలర్ మీద ఎక్కించి, కారు వెనక తగిలించుకుని ఇంటికి తెచ్చుకుంటారు. సెలవు దొరికితే రేవుకు తీసుకెళ్ళి ఏటవాలుగా కట్టిన ర్యాంపు మీదుగా నీళ్ళలోకి దింపుతారు. సియాటిల్ పక్కన ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ ఉంది. దానికి ఉత్తరాన శాన్ వాన్ దీవులు. అందులో సూషియా వంటి దీవులకు వంతెన లేదు, ప్రభుత్వపు ఫెర్రీ కూడా పోదు. సొంత పడవ ఉంటే పగలు సాల్మన్ చేపకు గాలం వేసి, పీతల బుట్టలు దింపి, రాత్రి ఆ దీవి పక్కన పార్కువాళ్ళు వేసిన బోయాకు కట్టుకుని పడుకోవచ్చు. పిల్లలకు ఆశ పుట్టడంలో తప్పు లేదు.

మా అబ్బాయి మనసులో రెండు పడవలున్నాయి. వాటి వివరాలు నాకు పంపాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ టెండర్లు వచ్చినప్పుడు గీతలు గీసి తులనాత్మక పట్టిక వేసిన చెయ్యి ఇది. ఊరుకోలేదు. ఆ పట్టికే ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

మొదటి గడి పడవది కాదు, కారుది. మన పిల్లల ఇళ్ళలో ఎక్కువగా కనిపించే టయోటా సియెన్నా, హోండా ఒడిస్సీ వంటి మినీవ్యాన్లు లాగగలిగే గరిష్ఠ బరువు 3,500 పౌండ్లు, అంటే సుమారు 1,590 కిలోలు. హైబ్రిడ్ కాని టయోటా హైలాండర్, నాలుగు చక్రాలకూ శక్తి అందే హోండా పైలట్ వంటివి 5,000 పౌండ్ల దాకా లాగుతాయి. ఇదీ మోడలును బట్టి మారుతుంది కాబట్టి బండితో ఇచ్చిన పుస్తకంలో ఉన్న అంకెనే నమ్మాలి. పడవ అమ్మేవాడి మాట మీద పోకూడదు.

ఇక పడవ బరువు. ప్రకటనల్లో వేసే బరువు చాలాసార్లు వట్టి తొట్టి బరువు. వాషింగ్టన్ రాష్ట్రంలోనే పేరు తెచ్చుకున్న సీ-డోరీ 22 అనే పడవను తీసుకుందాం. మా అబ్బాయి చూసిన రెండింటిలో ఇదొకటి. తొట్టి బరువు సుమారు 2,000 పౌండ్లు. దానికి 90 హార్సుపవరు మోటారు ఒక 350. పెట్రోలు గ్యాలనుకు ఆరు పౌండ్లు చొప్పున 40 గ్యాలన్లకు 240. ట్రైలర్ ఇంచుమించు 900. బ్యాటరీలు, లంగరు, తాళ్ళు, మంచినీళ్ళు, పరుపులు, ఐసుపెట్టె, మన ఆడవాళ్ళు సర్దే తిండి కలిపి 500 వేసుకోండి. మొత్తం దాదాపు 4,000 పౌండ్లు. అంటే మినీవ్యాను లాగలేదు. 5,000 పౌండ్ల బండి లాగుతుంది, పైగా వెయ్యి పౌండ్ల వెసులుబాటు మిగులుతుంది. రెండో పడవ ఇరవైనాలుగు అడుగులది, పెద్ద మోటారుది. ట్రైలరుతో కలిపి 6,000 దాటింది. దానికి పెద్ద పికప్ ట్రక్కు కావాలి. అంటే పడవ ఖరీదుకు ఇంకో బండి ఖరీదు కలుస్తుంది.

ఇక్కడ ఇంకో చిన్న లెక్క ఉంది. పడవ ట్రైలర్ బరువులో నూటికి అయిదు నుంచి పది వంతులు కారు వెనక కొక్కెం మీద పడతాయి. 4,000 పౌండ్ల ట్రైలరుకు అది 200 నుంచి 400 పౌండ్లు. అంటే కడుపునిండా భోంచేసిన ఇద్దరు పెద్దమనుషులు డిక్కీలో కూర్చున్నట్టే. కారులో ఇంటిల్లిపాదీ ఎక్కినప్పుడు ఈ బరువును కూడా లెక్కలో చేర్చాలి. ఈ స్థాయి ట్రైలరుకు సొంత బ్రేకులుండాలని వాషింగ్టనుతో సహా చాలా రాష్ట్రాల చట్టం చెబుతుంది. దిగుడు రోడ్డు మీద నాలుగు వేల పౌండ్లు వెనకనుంచి తోసుకొస్తుంటే కారు బ్రేకులొక్కటే ఆపలేవు. వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు మించితే రోడ్డు మీదకు తేవడానికి ప్రత్యేక అనుమతి కావాలి. అందుకే ఈ తరగతి పడవలన్నీ ఆ లోపే ఉంటాయి.

రెండో గడి: గది. దీనిలో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, ముక్కు భాగంలో పాకుతూ దూరవలసిన గూడు లాంటిది. పడవ నడిపేవాడు బయటే నిలబడతాడు. రెండోది, నడిపేవాడితో సహా అందరూ అద్దాల గదిలో నిలబడగలిగే రకం. మొదటి దాంట్లో చేపలు పట్టడానికి జాగా ఎక్కువ. రెండో దాంట్లో జాగా తగ్గుతుంది కాని చలి, వాన లోపలికి రావు. సియాటిల్ వాన సంగతి అక్కడికి వెళ్ళొచ్చిన వారికి చెప్పనక్కరలేదు. ఒక్కడే వేటకు పోయేవాడికి మొదటిది చాలు. కుటుంబంతో రాత్రి గడిపేవాడికి రెండోదే మేలని నా అభిప్రాయం.

“నలుగురు పడుకోవచ్చు” అని ప్రకటనలో రాస్తే నమ్మేముందు ఒక్కొక్కరినీ పేరుపెట్టి పడుకోబెట్టి చూడాలి. ముందు భాగంలో ఇద్దరు. భోజనపు బల్లను కిందికి దించితే ఏర్పడే పక్క మీద ఒక పిల్ల. అంతే. మేమిద్దరం కూడా వెళితే అయిదుగురం. అంటే మేము వెళ్ళేది పగటి షికారుకే, రాత్రి మజిలీకి కాదు. ఈ మాట కొనేముందే తేలిపోవాలి. కొన్నాక తేలితే మనస్పర్థలు వస్తాయి.

మూడో గడి: మునగడం. ఇది అన్నింటికంటె ముఖ్యం. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం మనమెవరమూ మరిచిపోలేదు. అమెరికాలో ఇరవై అడుగుల లోపు మోటారు పడవలకు ఎంతమంది ఎక్కవచ్చో, ఎంత బరువు వెయ్యవచ్చో తెలిపే పలక తప్పనిసరి. నీళ్ళు నిండినా తేలేటట్టు తయారుచెయ్యాలని కూడా నిబంధన ఉంది. అయితే ఈ నిబంధన ఇరవై అడుగుల దగ్గర ఆగిపోతుంది. మనం మాట్లాడుకునే గది పడవలు చాలావరకు ఇరవై దాటినవే. కాబట్టి పెద్ద పడవ కదా, చట్టం ఇంకా గట్టిగా ఉంటుందని అనుకోకూడదు. “నిండా నీళ్ళొస్తే ఇది తేలుతుందా? తొట్టి గోడల మధ్య ఫోము నింపారా?” అని తయారీదారును కాగితం మీద అడగాలి. 1958లో మొదలైన బోస్టన్ వేలర్ అనే కంపెనీ తమ పడవను రంపంతో రెండు ముక్కలుగా కోసి, ఆ ముక్క తేలుతుందని చూపించి పేరు సంపాదించుకుంది. అడగదగిన ప్రశ్న కాబట్టే వాళ్ళు అంత పని చేశారు.

“నాకు ఈత వచ్చు, చిన్నప్పుడు గోదావరి ఈదాను” అనే పెద్దలు మన సంఘంలో ఉన్నారు. ప్యూజెట్ సౌండ్ నీళ్ళు వేసవిలో సైతం చాలాచోట్ల పది, పదమూడు డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే ఉంటాయి. అందులో పడగానే మొదటి నిమిషం ఊపిరి ఎగదన్నుతుంది. సుమారు పది నిమిషాల్లో చేతులు పట్టు తప్పుతాయి. అక్కడ ఈతకంటె ఒంటిమీద ఉన్న లైఫ్ జాకెట్టే ప్రాణరక్షణ. పడవ కదులుతుండగా బయటి భాగంలో ఉండే 13 ఏళ్ళలోపు పిల్లలు అది తొడుక్కునే ఉండాలని అక్కడి కేంద్ర నిబంధన. పెద్దలకు ఆ నిర్బంధం లేదు. కాని పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటారు. నీళ్ళలో పడ్డవారు పైకెక్కడానికి నిచ్చెన ఉందో లేదో, అది నీళ్ళలోనుంచి అందుతుందో లేదో కూడా చూసుకోవాలి. నడిపేవాడు జారిపడితే మోటారు ఆగిపోయే తాడు ఒకటుంటుంది. 26 అడుగుల లోపు పడవల్లో బయట నిలబడి వేగంగా నడిపేవారు దాన్ని తగిలించుకోవాలని 2021 ఏప్రిల్ 1 నుంచి నియమం.

నాలుగో గడి: రాత్రి. చలికి తలుపులు బిగించుకుని లోపల గ్యాసు పొయ్యి వెలిగించినా, పక్క పడవ మోటారు ఆడుతున్నా, కార్బన్ మోనాక్సైడు గదిలో పేరుకోవచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం వస్తాయి. పడవలో ఉన్నవాళ్ళు అది అలల వల్ల వచ్చిన తిప్పనుకుని పడుకుంటారు. ఆ నిద్రలోంచి లేవకపోవచ్చు. దాన్ని పసిగట్టి కూత పెట్టే పరికరం లేని గదిలో మా మనవరాలిని పడుకోబెట్టవద్దని మా కోడలికి గట్టిగా చెప్పాను. పడవలకోసం తయారుచేసిన రకమే కొనాలి.

బోయా దొరకకపోతే లంగరు వెయ్యాలి. అక్కడ ఆటుపోటు తేడా మన తూర్పుతీరంలోకంటె చాలా ఎక్కువ, పది అడుగులు దాటే రోజులుంటాయి. సాయంత్రం లోతు 15 అడుగులు, రాత్రి పెరిగేది 10, పడవ ముక్కు ఎత్తు 3. మొత్తం 28. దానికి ఏడు రెట్లు తాడు వదలాలని పడవవాళ్ళ లెక్క. అంటే 196 అడుగులు. అంత తాడు పట్టే అర ముందు భాగంలో ఉందా? సన్నని అంచు మీద నడిచి వెళ్ళకుండా చేతికందుతుందా? చీకట్లో, వానలో, నిద్రకళ్ళతో అందవలసినది అది.

ఇక చెప్పడానికి అందరూ మొహమాటపడేది మరుగుదొడ్డి. ఆడవాళ్ళు, పిల్లలు, మనబోటి వయసువాళ్ళు ఉన్నచోట అది మొదటి అవసరం. 2018 నుంచి ప్యూజెట్ సౌండ్‌లో పడవల మురుగు నీళ్ళలోకి వదలడం నిషిద్ధం. కాబట్టి తొట్టెలో నిలవచేసి, రేవులోని పంపు దగ్గర ఖాళీ చెయ్యాలి. ఆ మరుగుదొడ్డికి తెర ఉందా, మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి కూర్చుని లేవగలదా అన్నది మా ఇంటావిడ అడిగిన ప్రశ్న. అమ్మేవాడు ఇచ్చిన పదహారు పేజీల పుస్తకంలో దానికి జవాబు లేదు.

పట్టిక నింపాక మా అబ్బాయి ఇరవైరెండు అడుగుల పడవవైపే మొగ్గాడు. దానిలోనూ లోటుంది. తేలికపాటిది, అడుగు చదునైనది కనుక గాలి లేచి అలలు పెరిగితే దడదడలాడుతుంది, వేగం తగ్గించుకోక తప్పదు. గాలి కబురు తెలిస్తే ఆ రోజు రేవు కదలకూడదు. ఇరవైనాలుగు అడుగులది ఆ అలల్లో సాఫీగా పోతుంది, ఒప్పుకున్నాను. కాని సాఫీగా పోయే పడవను రేవుదాకా తెచ్చే బండి ఇంట్లో లేదు.

కొన్నాక కూడా నా సలహా ఒకటే. మొదట పగటి ప్రయాణాలు. తరువాత రేవులోనే కట్టేసి ఒక రాత్రి నిద్ర. ఆ తరువాత బోయా. చివరికి లంగరు. అక్కడ 15 హార్సుపవరు, అంతకు మించిన పడవ నడపడానికి చదువు కార్డు కావాలి. 1955 జనవరి 1కి ముందు పుట్టినవారికి మాత్రం మినహాయింపు. మనలో చాలామందికి ఆ మినహాయింపు వర్తిస్తుంది కాని దయచేసి ఎవరూ వాడుకోవద్దు.

సోదరులారా, ఎంత పొడుగు, ఎంత వేగం, ఎన్ని చేపలు అని చూసి కొనేవాళ్ళు చాలామంది. నేను చెప్పేది, ఇంట్లో అందరికంటె బలహీనమైన మనిషిని ముందు పెట్టుకుని కొనమని. ఆ పసిపిల్లకు, ఆ ముసలావిడకు, ఈతరాని కోడలికి సరిపడే పడవ మిగతావాళ్ళకు ఎలాగూ సరిపోతుంది. మీ పిల్లలు పడవ మాట ఎత్తినప్పుడు భయపడి వద్దనకండి. కారు ఎంత లాగుతుంది, ఎవరెవరు ఎక్కడ పడుకుంటారు, నిండితే తేలుతుందా, రాత్రి గాలి మంచిదేనా అని అడగండి. ఈ నాలుగింటికీ జవాబున్న పిల్లవాడు పడవ కొనుక్కోవచ్చు.