తిండిసరకులపై పన్ను

మేడ్చల్, శామీర్‌పేట అంగళ్ళలో సరకులు కొనుక్కొనిపోవు గ్రామముల పంచాయతీ సభ్యులారా,

బియ్యము, పప్పులవంటి తిండిసరకులపై పన్ను వేయరాదని శాసనము చేయవలెనని కొందరు, ఆ రాబడి లేనిచో బాటలకు, బడులకు ధనమెక్కడిదని మరికొందరు వాదించుచున్నారు. మీ సభలలోను ఈ ప్రస్తావన వచ్చుచున్నందున, మొదట ఉన్న స్థితిని విన్నవించెదము.

2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చినపుడు విడిబియ్యమునకు పన్ను లేదు. నమోదైన బ్రాండు పేరుగల సంచికి మాత్రము 5 శాతము వేసిరి. పలువురు వర్తకులు బ్రాండుపై హక్కు వదలుకొని పన్ను తప్పించుకొనిరి. అందుచేత 2022 జూలై 18 నుండి, బ్రాండుతో నిమిత్తము లేక, ముందే తూచి వివరములు అచ్చువేసిన సంచులకు 25 కిలోల వరకు పన్ను పెట్టిరి. అంతట అంగళ్ళలో 26 కిలోల బస్తా వెలసినది! వర్తకుని బుద్ధి చట్టముకంటె ఒక కిలో ముందుండును.

ఇందు నష్టపోవువాడెవడు? 26 కిలోల బస్తాకు ఒక్కసారి సొమ్ము పెట్టగల గృహస్థునకు పన్ను లేదు. వారము కూలి చేతబడినపుడు 5 కిలోల సంచి కొను కూలివానికి కలదు. సంచి వెల 300 రూపాయలైనచో పన్ను 15 రూపాయలు. ఇది మాకును న్యాయముగా తోచుట లేదు. 2025 సెప్టెంబరు 22 నుండి చేసియుంచిన చపాతీకి పన్ను తీసివేసిరి. నేతికి 12 నుండి 5 శాతమునకు తగ్గించిరి. సంచిలోని బియ్యమునకు, గోధుమపిండికి 5 శాతము అట్లే యుంచిరి. చపాతీకి లేని పన్ను పిండికేల యని గృహిణి అడిగినచో సమాధానము చెప్పుట సులభము కాదు.

అయినను ఒక్క రాష్ట్రము తలచినంతనే ఇది తొలగదు. రేట్లు మారుట జి.ఎస్.టి. మండలి సిఫారసుపై జరుగుచున్నది. అచట ఓట్ల బలములో కేంద్రమునకు మూడవ వంతు, రాష్ట్రములన్నిటికి కలిపి మిగిలిన రెండు వంతులు. నాలుగింట మూడు వంతుల ఆమోదము కావలెను. మరియొక చిక్కు గలదు. పన్ను లేని సరకు అమ్ము మిల్లరు, సంచులకు, రవాణాకు తాను కట్టిన పన్నును రాబట్టుకొనజాలడు. దానిని ధరలో కలుపును. కావున వెల సరిగా 5 శాతము తగ్గునని ఆశింపరాదు.

వాదము తెగువరకు మీరు చేయదగిన పని గలదు. విడిగా తూచి యిచ్చు బియ్యము, పప్పు, పిండి, బెల్లములకు పన్ను లేదు. ఉప్పుకు పొట్లములోనున్నను లేదు. నూనె, చక్కెర, తేయాకులకు కలదు. దీనిని పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించుడు. విడిబియ్యమునకు పన్ను పేరిట అదనముగా అడిగినచో రసీదు కోరుమని జనులకు చెప్పుడు. విడికొనుగోలులో తూకపు మోసమునకు సందు గలదు గనుక, కాటాపై తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఉన్నదో లేదో మీరే పోయి చూచుడు. లేనిచో ఆ శాఖకు వ్రాయుడు.