ఠాణాలో మన మాట



ఠాణాలో "జబాబు ఇవ్వండి" అన్నప్పుడు మనవారు పలువురు అడిగిన ప్రశ్నకు మాత్రము ప్రత్యుత్తరము చెప్పి ఊరకుందురు. తెలుగున జవాబనగా అంతియే కదా! పోలీసుల మరాఠీలో జబాబనగా వాంగ్మూలము. జరిగినదంతయు మొదటినుండి చెప్పుట. తాతముత్తాతలనాటినుండి సోలాపురమున మగ్గముల నడుమ బ్రతుకుచు రెండు భాషలును మాటలాడువారమే అయినను, దెబ్బలు తిన్న రాత్రి నోట వచ్చునది ఇంటిభాషయే. కాగితముమీద పడునది మరాఠీ.

కొంతకాలము క్రిందట, రాత్రిపాళీ ముగించుకొని వచ్చుచు దారిలో గాయపడిన మా పొరుగింటి యువకునితో నేను ఠాణాకు వెళ్లితిని. అతడు "కత్తితోని కొట్టిండు" అనెను. కాగితమున "కాఠీ" అని పడినది. మరాఠీలో కాఠీ అనగా కర్ర. వ్రాసినవానికి దురుద్దేశమేమియు లేదు, చెవికట్లే వినబడినది. చదివి వినిపించునప్పుడు ఆ యువకుడు నొప్పితో ఊరక తల ఊపుచుండెను. ప్రక్కనున్న నేను ఆపకున్నచో ఆ మాట అట్లే నిలిచిపోయెడిది. భారతీయ న్యాయ సంహితలో సామాన్యమైన దెబ్బకు 115వ సెక్షను, కోయు ఆయుధముతో చేసిన గాయమునకు 118వ సెక్షను. కేవలము మొదటిదే అయినచో మేజిస్ట్రేటు ఉత్తరువు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయజాలరు.

మరియొకటి. మనకు వీధిలోని ప్రతి పెద్దవాడును అన్నయే, మామయే. "మామ చూసిండు" అన్నచో బంధువు సాక్షియని వ్రాసికొందురు. పేరు చెప్పి, చుట్టరికము లేదని కూడ చెప్పవలెను. "మొన్న" అన్నది మరాఠీలో "పర్వా" అగును. ఆ మాట ఎల్లుండికిని చెల్లును! తేదీ చెప్పుడు. నెట్టెనా, కొట్టెనా, వీధిదీపము వెలుగుచుండెనా, ఎంత దూరమునుండి చూచితిరి, ఇవి చెప్పుడు. తెలియనిది తెలియదనుడు.

"ఇంకిద్దరి పేర్లు రాయించు, కేసు గట్టిగైతది" అని ఆలోచన చెప్పు పెద్దలు మనలో కలరు. వారి మాట నేనెన్నడును అంగీకరింపను. ప్రతిపక్షపు వకీలు మొదట పట్టుకొనునది ఆ కలిపిన పేరునే. ఆస్పత్రిలో డాక్టరుతో ఒక్కడే అని చెప్పి ఠాణాలో ముగ్గురనినచో, నిజముగ కొట్టినవాడును తప్పించుకొనవచ్చును.

2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము, పోలీసులు స్వయముగ దర్యాప్తు చేయదగిన నేరమును గూర్చి నోటితో చెప్పినను వ్రాసికొని, చదివి వినిపించి, సంతకము తీసికొనవలెను. ప్రతి ఉచితముగ ఇయ్యవలెను. నేరమెచ్చట జరిగినను ఏ ఠాణాలోనైనను చెప్పవచ్చును. వ్రాసికొననిచో ఉన్నతాధికారికి టపాలో పంపవచ్చును. పిదప దర్యాప్తులో వ్రాసికొను వాంగ్మూలమునకు మాత్రము సంతకము చేయనక్కరలేదు. 181వ సెక్షను దానిని కూడదన్నది.

ఇంటికి వచ్చిన పిదప మరచినది జ్ఞప్తికి వచ్చుట సహజము. అప్పుడు పాత కాగితమును దిద్దుమని అడుగరాదు. "పురవణీ జబాబు", అనగా అదనపు వాంగ్మూలము, ఇచ్చెదమని అడుగవలెను. మా పొరుగువాడు మూడవనాడు అట్లే వెళ్లి, ఆ కత్తికి చెక్కపిడి ఉండెనని చెప్పి వచ్చెను.