రాక్షసుడి బొమ్మ, తొమ్మిది పేజీల కాంట్రాక్ట్

ఈ ఎపిసోడ్ రెండు వారాలు లేటైంది, ఏమీ అనుకోవద్దు. నిజానికి స్క్రిప్ట్ ఎప్పుడో రాసిపెట్టుకున్నా. కానీ ఇందులో నా తప్పు ఒకటి ఉంది, దాన్ని కెమెరా ముందు చెప్పడానికి కొంచెం టైమ్ పట్టింది.

ఫ్రీలాన్సింగ్ ఎపిసోడ్ తర్వాత చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, నాకు కోడింగ్ రాదు, బొమ్మలు వచ్చు. రాక్షసులు, డ్రాగన్లు, మాంత్రికులు గీస్తా. దీంతో బతకొచ్చా?" నాకు తెలిసిన ఒకడు బతుకుతున్నాడు. ఎలా బతుకుతున్నాడో చెప్తా. బతకొచ్చా లేదా అనేది మీరే చూసుకోండి. వాడు పేరు చెప్పొద్దన్నాడు, కాబట్టి ఇక్కడ వాణ్ణి "మావాడు" అనే అంటా.

2018లో బీటెక్ అయిపోగానే నేను దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్‌లో చేరా. జావా కోచింగ్, త్రీ షేరింగ్ రూమ్, పొద్దున ఉప్మా. మీలో సగం మందికి ఈ జీవితం తెలుసు. మావాడిది సూర్యాపేట దగ్గర ఊరు, పక్క మంచం. ఆ సెప్టెంబర్‌లోనే అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చింది. మేం ఊరికే ఒకసారి ఆ చివరి నుంచి ఈ చివరికి ఎక్కి తిరిగాం. వాడి జావా నోట్స్ తెరిస్తే మొదటి పేజీలో ఇన్‌హెరిటెన్స్, రెండో పేజీ నుంచి అన్నీ తోకలున్న మృగాలు. తర్వాత నాకు హైటెక్ సిటీ వైపు ఉద్యోగం వచ్చింది, వాడికి నైట్ షిఫ్ట్ సపోర్ట్ జాబ్ వచ్చింది. నేను తర్వాత ఉద్యోగం మానేసి ఇలా మైక్ ముందు కూర్చున్నా, అది వేరే కథ.

ఇప్పుడు అసలు ఈ బొమ్మలు ఎవరు కొంటారు? స్ట్రేంజర్ థింగ్స్ చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, నలుగురు పిల్లలు టేబుల్ చుట్టూ కూర్చుని డైస్ వేస్తూ అరుస్తుంటారు. ఆ ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చారు. బోర్డు లేకపోయినా ఆడేయొచ్చు. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. "నేను తలుపు బద్దలు కొడతా" అంటే 20 ముఖాల పాచిక వేసి కొట్టగలిగావా లేదా చూస్తారు. బాల్డర్స్ గేట్ 3 ఆడినవాళ్లకైతే చెప్పక్కర్లేదు, ఆ గేమ్ కింద ఉన్న రూల్స్ ఇవే.

ఇదంతా మాటల్లో, ఊహలో నడిచే ఆట కదా. అందుకే బొమ్మలకి అంత గిరాకీ. ఆడేవాడికి తన పాత్ర ఎలా ఉంటుందో చూడాలని ఉంటుంది, ఒక పోర్ట్రెయిట్ చేయించుకుంటాడు. రూల్స్ పుస్తకాలు, సాహసాల పుస్తకాలు వేసే చిన్న చిన్న పబ్లిషర్లు ఉంటారు, వాళ్లకి పేజీపేజీకి బొమ్మ కావాలి. పైన పెద్ద కంపెనీలు ఉంటాయి. అక్కడిదాకా మావాడు ఇంకా వెళ్లలేదు.

వాడికి మొదటి డబ్బు పోర్ట్రెయిట్ల నుంచే వచ్చింది, ఒక్కోటి 25 డాలర్లు. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి, పడుకోకుండా గీసేవాడు. స్క్రీన్ లేని పెన్ టాబ్లెట్, చెయ్యి ఒకచోట, చూపు ఇంకోచోట. తర్వాత 28,000 పెట్టి స్క్రీన్ ఉన్నది ఈఎంఐలో కొన్నాడు.

2023 మార్చిలో ఒక విదేశీ పబ్లిషర్ నుంచి మెయిల్. పేరు అనవసరం. 12 బొమ్మలు. ఫుల్ పేజీ 2, ఒక్కోటి 150 డాలర్లు. హాఫ్ పేజీ 4, ఒక్కోటి 80. చిన్న స్పాట్ బొమ్మలు 6, ఒక్కోటి 40. మొత్తం 860 డాలర్లు. అప్పటి రేటుకి 70 వేల పైన. వాడి జీతం నెలకి 24 వేలు.

ఆ బ్రీఫ్ చూసి ఇద్దరం నవ్వుకున్నాం. ఒక ఫుల్ పేజీ బొమ్మ ఏంటంటే, రాక్షసుడు. స్పెల్లింగ్ కూడా మనదే, రాక్షస. కానీ పులి తల, అరచేతులు వెనక్కి తిరిగి ఉండాలట. ఆ ఆటలో రాక్షసుడంటే అంతే. 1977 నాటి మాన్‌స్టర్ మాన్యువల్‌లో డేవిడ్ ట్రాంపియర్ అనే ఆర్టిస్ట్ పులి తలతో, హాయిగా పైపు తాగుతున్నట్టు గీశాడు. అక్కడి ఆటగాళ్లకి రాక్షసుడంటే అదే. మనకేమో రాక్షసుడంటే ఎస్వీఆర్. మాయాబజార్‌లో ఘటోత్కచుడి మీసం కళ్లముందు ఉన్నవాడు పులి తల ఎలా పెడతాడు చెప్పండి?

మావాడికి ఇంకో పిచ్చి ఉంది, చందమామ. వాళ్ల తాతయ్య పాత సంచికలు మూటగట్టి అటక మీద పెట్టాడు. హైదరాబాద్ వచ్చాక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అవే వెతికేవాడు, నన్నూ లాక్కుపోయేవాడు. మీకెవరికైనా మన దగ్గర ఫాంటసీ ఆర్ట్ ఎక్కడుంది అని డౌట్ ఉంటే అక్కడ చూడండి. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక. పాతాళభైరవి సినిమా తీసింది కూడా వీళ్లే, 1951లో. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, శంకర్ గీసిన విక్రమార్కుడు, భుజం మీద శవం. ఇక దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియల్స్ ఉన్నాయే, తోకచుక్క, కంచుకోట, రాకాసిలోయ, వాటికి చిత్రా గీసిన బొమ్మలు. కోటలు, భూతాలు, వింత జంతువులు. ఒక్కో బొమ్మ చూస్తే నేరుగా ఆ ఆట పుస్తకంలో పెట్టేయొచ్చు అనిపిస్తుంది.

ఇక్కడ నాకు ఒకటి గుచ్చుకుంటుంది. ఆ సీరియల్స్ మీద చాలాకాలం దాసరి గారి పేరు ఉండేది కాదు. పిల్లలు నెలనెలా ఎదురుచూసి చదివారు, రాసిందెవరో తెలీదు. కానీ శంకర్ లాంటివాళ్లు ఆ పత్రికలోనే ఉద్యోగులు, నెల జీతం. మావాడికి జీతం లేదు, పీఎఫ్ లేదు. చేతిలో ఉన్నదల్లా పేరు, నేను గీసిన బొమ్మ ఇదీ అని చూపించుకునే హక్కు. ఇది గుర్తుపెట్టుకోండి, ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తున్నా.

చైతన్యపురి మెట్రో కింద ఒక టీ కొట్టు. వాడు ఫోన్‌లో పీడీఎఫ్ తెరిచి ఇచ్చాడు. తొమ్మిది పేజీలు. "అరేయ్, నువ్వు సాఫ్ట్‌వేర్‌ల చేసినవ్ గదా, ఈ అగ్రిమెంట్లు నీకు తెలుస్తయ్. చూడరా జర" అన్నాడు. నేను ఒక చేత్తో టీ, ఒక చేత్తో స్క్రోల్. పది నిమిషాలు కూడా కాలేదు. "స్టాండర్డే రా, అన్ని కంపెనీలవీ ఇట్లనే ఉంటాయి. పెట్టేయ్ సంతకం. ఇంత పెద్ద వర్క్ నైట్ షిఫ్ట్‌తో అవ్వదు, జాబ్ గురించి కూడా ఆలోచించుకో" అన్నా. చదవకుండా ఐ అగ్రీ నొక్కే అలవాటు మనది. తేడా ఏంటంటే, అక్కడ నొక్కింది నేను, పడింది వాడు.

వాడు సంతకం పెట్టాడు. ఏప్రిల్‌లో ఉద్యోగం మానేశాడు. ఇంట్లో చెప్పలేదు.

పని మాత్రం అద్భుతంగా చేశాడు, అది చెప్పాలి. ముందు చిన్న చిన్న థంబ్‌నెయిల్స్ మూడు పంపాలి, వాళ్లు ఒకటి ఎంచుకుంటారు. తర్వాత స్కెచ్, తర్వాత రంగులు, తర్వాత ఫైనల్. ప్రింట్‌కి కాబట్టి 300 డీపీఐ. పేజీ ఎనిమిదిన్నర బై పదకొండు అంగుళాలు, అంచులు కట్ చేయడానికి నాలుగు వైపులా అదనంగా అంగుళంలో ఎనిమిదో వంతు. అంటే 2625 బై 3375 పిక్సెల్స్. ఫోన్ స్క్రీన్ సైజులో గీసి ప్రింట్‌కి పంపుదాం అనుకునేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. రాక్షసుడికి పులి తల ఉంచాడు, అరచేతులు వెనక్కి తిప్పాడు. కానీ కిరీటం, భుజకీర్తులు తోలుబొమ్మల్లో లాగా పెట్టాడు. ఎరుపు, పసుపు తోలుబొమ్మ రంగులే. పులికి మీసాలు పైకి తిప్పి పెట్టాడు. ఆర్ట్ డైరెక్టర్ ఒక్క మార్పు కూడా అడగలేదు. జూన్ చివరికి 12 బొమ్మలూ పంపేశాడు.

డబ్బు రాలేదు. మోసమా అంటే కాదు, కాంట్రాక్ట్‌లో అలాగే ఉంది. ఆరో పేజీ: పుస్తకం విడుదలైన 60 రోజులకి చెల్లింపు. బొమ్మలు ఇచ్చిన 60 రోజులకి కాదు, విడుదలైన 60 రోజులకి. పుస్తకం ఆగస్టు అన్నారు. ఆగస్టులో నవంబర్ అన్నారు. నవంబర్‌లో ప్రింటర్ దగ్గర ఆగిందన్నారు. అడ్వాన్స్ అనే మాటే లేదు. మధ్యలో ప్రాజెక్ట్ ఆగిపోతే చేసిన పనికి ఎంతో కొంత ఇవ్వాలనే షరతు, దాన్ని కిల్ ఫీ అంటారు, అదీ లేదు.

ఏడో పేజీ ఇంకా ఘోరం. బొమ్మల మీద అన్ని హక్కులూ, ప్రపంచమంతా, శాశ్వతంగా వాళ్లవి. రాతపూర్వక అనుమతి లేకుండా పోర్ట్‌ఫోలియోలో కూడా పెట్టకూడదు. సెప్టెంబర్‌లో ఇంకో ఆర్ట్ డైరెక్టర్ వాణ్ణి శాంపిల్స్ అడిగింది. వాడి జీవితంలో బెస్ట్ బొమ్మ ఆ రాక్షసుడు, చూపించలేడు. పాత పోర్ట్రెయిట్లు పంపాడు. ఆమె థ్యాంక్స్ అని రిప్లై పెట్టింది, అంతే.

అప్పుడు నేను కూర్చుని చట్టం చదివా. ముందు చదవాల్సింది తర్వాత చదివా. మన కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 19 ఉంది. హక్కులు రాసిస్తే ఎన్నేళ్లకో కాగితంలో లేకపోతే 5 ఏళ్లే అనుకోవాలి, ఏ ప్రాంతానికో లేకపోతే ఇండియాకే అనుకోవాలి. చదవగానే ఎగిరి గంతేశా. కానీ మావాడి కాంట్రాక్ట్‌లో రెండూ స్పష్టంగా రాసేశారు, శాశ్వతం, ప్రపంచమంతా. పైగా వివాదం వస్తే వాళ్ల దేశపు చట్టం. పోనీ కాగితమే లేకపోతే? సెక్షన్ 17 ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి పెయింటింగో పోర్ట్రెయిటో వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి యజమాని వేయించుకున్నవాడే. గీసింది నేనే కాబట్టి నాదే అని ధీమాగా కూర్చోలేం. మీ దగ్గర ఉండాల్సిన కాగితం మీకు అనుకూలంగా ఉండాలి, అంతే.

ఆ నెలల్లో వాడు ఎలా గడిపాడో చెప్తా. హాస్టల్ మారాడు, కొత్తపేటలో ఇంకా చవకది. ఇంటికి నెలకి 8 వేలు పంపడం ఆపలేదు, ఆపితే జీతం ఏమైందని అడుగుతారు కదా. టాబ్లెట్ ఈఎంఐ రెండు నెలలు నేను కట్టా. గొప్ప కోసం చెప్పడం లేదు, కట్టాల్సిందే నేను. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర ఫ్లెక్సీ షాపులో చేరాడు. వినాయక చవితి మండపాల బ్యానర్లు, బర్త్‌డే ఫ్లెక్సీలు. తర్వాత ఎన్నికలొచ్చాయి, 2023 నవంబర్ 30న పోలింగ్. రాత్రంతా నాయకుల మొహాలు కటింగ్ చేసి, తెల్లగా చేసి, చుట్టూ కాంతి పెట్టడమే పని. "రాక్షసుని మీసం గీసిన చెయ్యి రా ఇది" అని ఒకరోజు నవ్వుతూ అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఏఐ గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. 2023 ఆగస్టులో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వేసే విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ పుస్తకంలో ఒక ఆర్టిస్ట్ ఏఐ వాడినట్టు బయటపడింది. పాఠకులు గొడవ చేస్తే, మా ఆర్టిస్టులు ఏఐ వాడకూడదని కంపెనీ రూల్స్ మార్చింది. మరి ఇటువైపు? పోర్ట్రెయిట్ చేయించుకునేవాళ్లలో చాలామంది ఇప్పుడు ఏఐ బొమ్మతో సరిపెట్టుకుంటున్నారు, మావాడికి 25 డాలర్ల పనులు బాగా తగ్గాయి. మిగిలిన క్లయింట్లేమో స్కెచ్‌లు, లేయర్లతో సహా ఫైల్ చూపించమంటున్నారు, చేత్తో గీశావని నమ్మకం కోసం. నా బొమ్మలతో ఏఐకి ట్రైనింగ్ ఇవ్వకూడదు అని కాంట్రాక్ట్‌లో ఒక వాక్యం వాడు ఇప్పుడు అడుగుతున్నాడు. కొందరు ఒప్పుకుంటారు, కొందరు మళ్లీ మెయిల్ చేయరు.

పుస్తకం 2024 మార్చిలో వచ్చింది. డబ్బు మే నెలలో, బొమ్మలిచ్చిన 11 నెలలకి. పేపాల్‌లో వచ్చింది. 2021 ఏప్రిల్ నుంచి పేపాల్ మన దేశంలో లోకల్ పేమెంట్లు ఆపేసింది, విదేశాల నుంచి వచ్చేవి మాత్రం నడుస్తున్నాయి. ఫీజు ఒకటి, డాలర్‌ని రూపాయిల్లోకి మార్చేటప్పుడు తక్కువ రేటు ఒకటి. 150 డాలర్ల బొమ్మకి బయట రేటు ప్రకారం 12,450 రావాలి, చేతికొచ్చింది 11,400 చిల్లర. రేటు చెప్పేటప్పుడే ఇది కలుపుకుని చెప్పండి. విదేశీ డబ్బు వచ్చినట్టు ఇచ్చే సర్టిఫికెట్ కూడా దాచుకోండి, ఐటీ రిటర్న్ వేసేటప్పుడు వెతుక్కోకుండా.

పుస్తకం కాపీ ఒకటి పోస్ట్‌లో పంపారు. చివరి పేజీలో ఆర్టిస్టుల లిస్ట్, మావాడి ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు. అయినా ఉంది. అది పట్టుకుని సూర్యాపేట వెళ్లాడు, నన్ను తోడు రమ్మన్నాడు. ఎల్బీనగర్‌లో బస్సెక్కి వెళ్లాం. దారంతా ఒక్క మాట లేదు. ఉద్యోగం మానేసి ఏడాది దాటిందని ఇంట్లో అప్పుడు చెప్పాడు. వాళ్ల నాయిన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పుస్తకం తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఆ ఫుల్ పేజీ దగ్గర ఆగాడు. "పులికి ఎస్వీ రంగారావు మీసాలు పెట్టినవేందిరా?" అన్నాడు. ఇంకాసేపటికి, "ఈ ఎనిమిది వేలు యాడికెల్లి తెచ్చినవ్ మరి?" అన్నాడు. వాడు ఫ్లెక్సీ షాప్ సంగతి చెప్పాడు. ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు. రాత్రి అన్నం దగ్గర మాత్రం పక్కనే కూర్చున్నాడు.

ఇప్పుడు మావాడు సగం అడ్వాన్స్ లేకుండా పని మొదలుపెట్టడు, మిగతా సగం ఫైనల్ ఫైల్ ఇచ్చిన 30 రోజుల్లో. పుస్తకం వచ్చాక పోర్ట్‌ఫోలియోలో పెట్టుకునే హక్కు ముందే రాయించుకుంటాడు. దీనివల్ల రెండు పనులు పోయాయి, మూడు వచ్చాయి. ఫ్లెక్సీ షాప్ మాత్రం పూర్తిగా మానలేదు, సీజన్‌లో వెళ్తాడు.

నిన్న రాత్రి ఇంకో కాంట్రాక్ట్ పంపాడు నాకు. పద్నాలుగు పేజీలు. "ఈసారి టీ తాగుకుంట చదవకు" అని మెసేజ్ పెట్టాడు. ఇది అప్‌లోడ్ చేసి దాంతో కూర్చుంటా. ఉంటా మరి.