గ్రుడ్డి ఆచారము, మతకలహము, మన కథానిక
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదేండ్ల క్రిందట ఒక చిన్న గదిలో, రెండు బీరువాలతో ప్రారంభమైన మన గ్రంథాలయము నేడు రజతోత్సవము జరుపుకొనుచున్నది. ఈలోగా మన పరిసరములే మారిపోయినవి. 1998 నవంబరులో నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయిగారు మాదాపూరులో సైబర్ టవర్సు భవనమును ప్రారంభించిరి. అటుపిమ్మట కొండాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ మొదలైన గ్రామములు మహానగరములో కలిసిపోయినవి. మన పెద్దలు జొన్నలు పండించిన చెలకలలో అద్దాల మేడలు లేచినవి. దేశదేశముల లెక్కలు మన ఊరి ప్రక్కన కూర్చుండి వ్రాయుచున్నారు. సంతోషమే. కాని మేడ ఎత్తు పెరిగినంత మాత్రమున మనస్సు ఎత్తు పెరుగునా? నేటి నా ప్రసంగమునకు ఈ ప్రశ్నయే మూలము.

ఇచ్చట అద్దెకు ఇల్లు వెదకుకొను యువకుని మనమేమి అడుగుచున్నాము? మొదట పేరు. పేరుతో మతము తెలియనిచో సరి. తెలిసినచో కొందరి తలుపు అక్కడనే మూయబడును. తరువాత ఇంటిపేరు. దానితోను కులము తేలనిచో, “మీరేమిటోళ్లు?” అని సూటిగానే అడుగుదుము. ఎందుకడుగుచున్నామో మనలను మనము ఎన్నడును అడుగుకొనము. మా నాయన అడిగెను, నేనును అడుగుచున్నాను. దీనినే నేను గ్రుడ్డి ఆచారమనుచున్నాను.

ఆచారములన్నియు చెడ్డవని నా అభిప్రాయము కాదు. మన తెలంగాణ గ్రామములలో పీర్ల పండుగ వచ్చినప్పుడు అలావా చుట్టు ఆడినవారిలో ముస్లిములెందరు, హిందువులెందరు అని ఎవరు లెక్కించిరి? పీరునకు మ్రొక్కుకొని పుట్టిన బిడ్డకు ఆ పేరే పెట్టుకొన్న హిందూ కుటుంబములు కలవు. మనుష్యులను దగ్గరకు చేర్చు ఆచారము కన్నులున్న ఆచారము. కారణము తెలియకయే పొరుగువానిని దూరము పెట్టించునది గ్రుడ్డిది.

నా తప్పు ఒకటి మీ ముందు చెప్పుకొనుటకు అనుజ్ఞ వేడుచున్నాను. 1990 డిసెంబరులో హైదరాబాదు పాతబస్తీలో మతకలహములు చెలరేగి అనేకులు ప్రాణములు కోల్పోయిరి. అప్పుడు మా ఇంట అక్క పెండ్లి. బట్టలు కుట్టువాడు మా ఊరి దర్జీ. అందరము ఆయనను చాచా అని పిలిచెడివారము. పట్నమునుండి వచ్చినవాడెవడో ఒక మాట తెచ్చెను; అది నోటినుండి నోటికి పెరిగెను. మూడునాళ్లలో ఆ అంగడి వైపు పోవువారే లేకపోయిరి. అక్క బట్టలకై నేనును పోలేదు. దారిలో ఆయన ఎదురైనపుడు తల తిప్పుకొంటిని. పెండ్లికి రెండు దినముల ముందు, చీకటి పడిన పిమ్మట, ఆయనే వచ్చి బట్టల మూట మా అరుగుమీద ఉంచెను. “పెండ్లి ఆగొద్దు గదా బిడ్డా” అని ఆ ఒక్క మాట చెప్పి, కూలి అడుగకయే వెడలిపోయెను. నేను రాయి విసరలేదు, ఎవరిని కొట్టలేదు. అయినను ఆ దినములలో నేను గుంపులోని వాడనే.

ఈ సంగతి నాకు సంవత్సరముల తరువాత బోధపడినది. అదియు ఈ గ్రంథాలయములోనే. గురజాడ అప్పారావుగారి “దిద్దుబాటు” 1910లో ఆంధ్రభారతి పత్రికలో వెలువడినదని మీరెరుగుదురు. ఆయనయే “మీ పేరేమిటి?” అను మరియొక కథ వ్రాసిరి. ఒక ఊరిలో శైవులకును వైష్ణవులకును స్పర్ధ పెరిగి పెరిగి నిప్పులగుండము దాకా వచ్చును. ఇరువర్గములును హిందువులే, ఇరుగుపొరుగువారే. దేవుని పేరు దగ్గర మాత్రము తగవు. ఆ కథ చదువుచుండగా నాకు మా అరుగుమీది బట్టల మూట కనబడినది. నిప్పు గుండములో పుట్టదు, గుండె లోపల రాజుకొనునని తెలిసినది.

ఉపన్యాసము మనకు ధర్మము చెప్పును, వార్తాపత్రిక మృతుల సంఖ్య చెప్పును. కథానిక మాత్రము మనలను ఒక ఇంటిలోనికి తీసుకొనిపోయి కూర్చుండబెట్టును. ఆ ఇంటివారి పొయ్యి, వారి పిల్లలు, వారి భయము చూచి వచ్చిన తరువాత వారిని “వాళ్లు” అని ఒక్క మాటతో త్రోసివేయుట కష్టము.

మన హైదరాబాదు చరిత్రయే ఇందుకు సాక్ష్యము. 1948 ఆగస్టులో ఇమ్రోజ్ అను ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాను రజాకార్ల చేతిలో హతుడయ్యెను. హైదరాబాదు భారతదేశములో చేరవలెనని వ్రాయుటయే ఆయన చేసిన నేరము. పేరును బట్టి మనిషి హృదయమును నిర్ణయించువారికి ఆయన జీవితము చాలిన సమాధానము. మరుసటి నెలలో పోలీసుచర్య జరిగెను. ఆనాటి కల్లోలమును, ఈ నగరపు హిందూ ముస్లిముల కలసిన బ్రతుకును నెల్లూరి కేశవస్వామిగారు “యుగాంతం” మున్నగు కథలలో చిత్రించిరి. తలుపు తట్టిన యువకునికి ఆశ్రయమిచ్చిన ముసలవ్వను పి. వి. నరసింహారావుగారు “గొల్ల రామవ్వ”లో మన ముందు నిలిపిరి. తలుపు మూయుట, తలుపు తీయుట: ఈ రెంటిలోనే ఊరి చరిత్ర అంతయు ఉన్నది.

అవన్నియు పాతకాలపు మాటలని యువకులు అనవచ్చును. 2018 మే నెలలో, పిల్లలనెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను పుకారు సెల్‌ఫోనులలో వ్యాపింపగా, చాంద్రాయణగుట్టలో ఒక నిరపరాధిని గుంపు కొట్టి చంపెను. 2020 సెప్టెంబరులో, ఈ అద్దాల మేడలకు కూతవేటు దూరమున గచ్చిబౌలిలో కాపురముండిన ఒక యువకుడు అపహరింపబడి హతుడయ్యెను. కులాంతర వివాహమే ఇందుకు కారణమని చెప్పి, పోలీసులు భార్య తరపు బంధువులను అరెస్టు చేసిరి. 2022 మే నెలలో సరూర్‌నగరులో, మతాంతర వివాహము చేసికొన్న మరియొక యువకుడు నడివీధిలో చంపబడెను. భార్య సోదరుడు అరెస్టయ్యెను. ఒకచోట కులము, ఒకచోట మతము. ఒకచోట చంపినవారు హిందువులని, మరియొకచోట ముస్లిములని లెక్కలు వేయువారు నేటికిని కలరు. ఆ లెక్క వేయుటయే గ్రుడ్డితనము. పోయిన ప్రాణము ఎక్కడనైనను ఒక తల్లి బిడ్డదే. 1990లో మూడునాళ్లు పట్టిన పుకారునకు నేడు మూడు నిమిషములు చాలును, మారినది ఇంతియే.

కథ కత్తిని ఆపునా? ఆపదు. కత్తి పట్టిన చేతికి కథ అందదు. కాని కత్తి పట్టుటకు ఎంతో ముందు, చిన్నతనమున, ఆ చేతికి ఒక పుస్తకము అందియుండవచ్చును. ఆ పని గ్రంథాలయము చేయగలదు.

కనుక కార్యవర్గమువారికి నా మనవులు మూడు. ప్రతి ఆదివారము సాయంత్రము ఒక కథ పైకి చదివించుడు. చదువురాని అవ్వలును వినగలరు. 2004లో వెలువడిన “వతన్” వంటి ముస్లిం కథల సంకలనములను, దళిత రచయితల కథలను మన బీరువాలో చేర్చుడు; ఇతరులు మనలను గూర్చి ఏమనుకొనుచున్నారో మనము చదువవలెను. మూడవది, ఏదైన పుకారు వచ్చిననాడు ఈ గది తలుపు తెరచి ఉంచుడు. అన్ని వాడల పెద్దలు ఇచ్చట కూర్చుండి నిజము తెలిసికొనిన తరువాతనే ఆ మాట ఊరిలోనికి పోవలెను.

మా దర్జీ చాచా గతించి చాలకాలమైనది. కూలి ఇచ్చుటకు తరువాత నేను పోయినపుడు ఆయన పుచ్చుకొనెను. మిగిలిన చిల్లర లెక్కపెట్టి నా చేతిలో ఉంచెను. నేను క్షమాపణ మాత్రము అడుగలేకపోతిని. ఆ బాకీ నేడీ సభలో కొంతయైన తీర్చుకొనుచున్నాను.