బ్యాంకు లోపలి సలహాదారు పదవి: ఇంటర్వ్యూకు సన్నాహము

(సంఘ సమావేశమునందు చేసిన ఉపన్యాసము)



నేను వర్తకుడను. బ్యాంకుతో నా పరిచయము కౌంటరునకు ఇవతలి వైపునుండియే. అయినను మన పిల్లలు కొందరు బెంగుళూరు, చెన్నై, ముంబయి నగరములలోని పెద్ద బ్యాంకులలో అంతర్గత సలహాదారు పదవులకు దరఖాస్తులు పంపుచున్నారు. ఆ పదవి యెట్టిదని తలిదండ్రులు నన్నడుగుచున్నారు. అట్టి పదవులలోనున్న మన పిల్లలవలన తెలిసికొన్న విషయములను నా వ్యాపారానుభవముతో సరిచూచుకొని మనవి చేయుచున్నాను.

పనిలో చిక్కు వచ్చినపుడు పెద్ద బ్యాంకులు బయటి సలహా సంస్థలను పిలుచుట కలదు. వారు కొన్ని మాసములుండి, నివేదిక యిచ్చి, రుసుము గైకొని వెడలుదురు. ఆ పనికే బ్యాంకు జీతమిచ్చి తనయొద్ద నుంచుకొనువారు అంతర్గత సలహాదారులు. వీరి సలహా ఫలించినను, బెడిసినను వీరు ఆ యింటనే యుండవలెను. ఎవరి పనిని మార్చుకొమ్మని చెప్పిరో వారితోనే మరునాడును కూర్చుండవలెను. ఆజ్ఞాపించు అధికారము వీరికి లేదు. ఒప్పించు నేర్పే వీరి బలము. ఇంటర్వ్యూలో ముఖ్యముగా పరీక్షించునదియు నిదియే.

పరీక్ష సాధారణముగా రెండు విధములు. మొదటిది, ఒక సమస్యనిచ్చి తమ యెదుటనే ఆలోచింపుమనుట. 1923లో మచిలీపట్నమున డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైన సంగతి మనకు తెలిసినదే. అట్టి విలీనమునే ప్రశ్నగా నడుగవచ్చును: “రెండు బ్యాంకులు కలిసినవి. ఒకే వీధిలో రెండు శాఖలున్నవి. ఒకటి మూయవలెనా? మూసినచో నేది?”

తొందరపడువాడు “అద్దె యెక్కువైనదానిని మూయుడు” అనును. నిదానించువాడు ముందుగా ప్రశ్నించును. ఉద్దేశము ఖర్చు తగ్గించుటయా, సేవ బాగుచేయుటయా? ఒక్కొక్కచోట డిపాజిట్లెంత? అప్పులెంత? లాకర్లెన్ని? పింఛను కొరకు వచ్చు వృద్ధులెందరు? పిదప లెక్క వేయును. శాఖ మూయుటచే నెలకు లక్ష రూపాయల చొప్పున ఏడాదికి 12 లక్షలు మిగులుననుకొందము. విసిగిన ఖాతాదారులు 4 కోట్ల రూపాయల డిపాజిట్లు వేరొకచోటికి మార్చుకొనిరనుకొందము. వానిపై బ్యాంకునకు నూటికి 3 రూపాయలు మిగులుచుండినచో, పోయినదియు 12 లక్షలే! ఆదాయేమున్నది? ఇది అంగడిలో మనము నిత్యము వేయు లెక్కయే.

ఇచట మన బిడ్డలకు ప్రత్యేకముగా తోచదగిన ప్రశ్న యొకటి కలదు. బ్యాంకు ఫారములు హిందీ, ఇంగ్లీషు, ప్రాంతీయ భాషలలో నుండుట నియమము. హోసూరులోగాని బరంపురములోగాని మన తెలుగు ఆ మూడింటిలో చేరదు. తెలుగు తప్ప వేరు చదువు రాని అవ్వకు, తెలుగెరిగిన గుమాస్తాయే ఆధారము. శాఖ మూసి అతనిని బదిలీ చేసినచో ఆమె యేమి చేయును? ఇట్టి విషయమును పల్లెమాటయని సిగ్గుపడి దాచుకొనరాదు. ఖాతాదారునెరిగిన వానికే అది తోచునని పరీక్షకులు గ్రహింతురు.

రెండవది, గతమునుగూర్చిన ప్రశ్న: “ఒప్పుకొనని పెద్దవారి నెట్లు ఒప్పించితిరి?” దీనికి గొప్ప ఉద్యోగానుభవమే కావలెనని లేదు. తండ్రిగారి అంగడిలో చిట్టా ఆవర్జాలను కంప్యూటరులోనికి మార్చునపుడు పాత గుమాస్తాగారు అడ్డుచెప్పిరా? వారి భయమేమి? మీరేమి చేసితిరి? బాకీల వసూలు ఎన్నిదినములు ముందునకు వచ్చెను? దీనినే క్రమముగా చెప్పుడు. పదిమంది చేసిన పనిని “నేనే చేసితిని” అనకుడు. ఒకరి జవాబును కంఠస్థము చేసి అప్పగింపకుడు. రెండవ ప్రశ్నకే అది బయటపడును.

మీరును వారిని ప్రశ్నింపుడు. “మీ సలహాలలో అమలు జరిగినవెన్ని? రెండేండ్లపిదప ఈ శాఖవారు బ్యాంకులో ఏ పనులకు పోవుచున్నారు?” సలహాలు బీరువాలకే చేరుచోట కష్టపడి ప్రయోజనము లేదు.

తలిదండ్రులకొక మనవి. “నీ క్రింద ఎందరు పనిచేయుదురు?” అని అడిగి పిల్లలను చిన్నబుచ్చకుడు. చేతిక్రింద నొక్కరును లేకున్నను వేలమంది పనిని చక్కబరుపగల పదవియిది. ఇప్పటికే ఉద్యోగములలోనున్న మనవారు నెలకొక సాయంకాలము సంఘమునకు వచ్చి, మన పిల్లలను ఎదుట కూర్చుండబెట్టి ఇట్టి ప్రశ్నలడిగి అలవాటు చేయింపవలెనని ప్రార్థించుచు, సెలవు గైకొనుచున్నాను.